తడిగుడ్డ

సగం ఎత్తిన షట్టరు కిందుగా వంగి ముగ్గురు అన్నదమ్ములు పార్సిలు షెడ్డులోకి వచ్చారు. వాళ్ళలో పెద్దవాడి చేతిలో ఇనుప రాడ్డు ఉంది. చిరిగిన పెట్టెలు అతికే టేపక్క మాత్రం ముందు అతని చంకలో ఉన్న అట్టపెట్టెనే చూసింది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు దాన్ని రొమ్ముకి ఆనించి పట్టుకున్నాడు. పెట్టెని మెల్లగా నేల మీద దించి, రాడ్డు రెండు చేతుల్లోకి తీసుకుని, వరసగా పేర్చి ఉన్న పార్సిళ్ళ మీద మొదటి దెబ్బ వేశాడు.

లోపల గాజుసామానేదో భళ్ళుమంది. తమ్ముళ్ళిద్దరూ చెరో వరసా అందుకున్నారు. సరుకు ఎక్కించేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ గోడలకి కరుచుకుపోయారు. ఒక డబ్బా పగిలి తెల్లటి పొడి లేచి, ఎవరి మొహం ఎవరిదో తెలియకుండా అయింది.

"మా అమ్మ ఇంజెక్షన్లలో నీళ్ళు పోసిన నా కొడుకు ఎవడ్రా?" పెద్దవాడు అరిచాడు. "రెండు సూదులు వేశారు. మనిషి లేవలేదు. అనుమానం వచ్చి డాక్టరు చూస్తే నీళ్ళు. ఉత్త కుళాయి నీళ్ళు!"

అద్దాల గదిలోంచి ఓనరు రెండు చేతులూ పైకెత్తి బయటికి వచ్చాడు. అతని వెనకే బావగారు. బావగారంటే ఓనరు చెల్లెలి మొగుడు, షెడ్డుకి సూపర్‌వైజరు. ఓనరు బావా అని పిలుస్తాడు కాబట్టి షెడ్డంతా బావగారూ అనే పిలుస్తారు. తండ్రి వయసున్న డ్రైవర్లు కూడా అంతే. ఇంతమంది బావమరుదులున్న మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడని లారీలకి సరుకు ఎక్కించే సన్నాయి అంటూండేవాడు.

"బాబూ, మా దగ్గర పద్ధతి ఉంది," అన్నాడు ఓనరు. "వచ్చిన ప్రతి పెట్టెనీ కాటా మీద తూస్తాం. పోయేటప్పుడు మళ్ళీ తూస్తాం. తేడా వస్తే పెట్టె కదలదు."

"నీళ్ళకి మాత్రం బరువుండదా?" అన్నాడు పెద్దవాడు.

బావగారు ముందుకొచ్చి, నేల మీది పెట్టెని తీసి, నాలుగు వైపులా తిప్పి చూపించాడు. "కంపెనీ టేపు చూడండి, మీరు విప్పిన చోట తప్ప ఎక్కడా చెక్కుచెదరలేదు. నా చేతి మీదుగా వెళ్ళినప్పుడు పెట్టె నిక్షేపంగా ఉంది. ఆ తర్వాత ముట్టుకున్నవాడు ఒక్కడే, లారీ ఎక్కించినవాడు." గోడ వైపు చూశాడు. "ఏరా సన్నాయీ, ఆ రోజు ఆసుపత్రి లారీ నీదేగా?"

బరువెత్తినప్పుడు ఆ కుర్రాడి ముక్కు ఈల వేస్తుంది. సన్నాయి అన్న పేరు అందుకే వచ్చింది. ఇప్పుడు బరువేమీ ఎత్తకుండానే ఈల వినిపించింది.

"నాదే బావగారూ. కానీ నేను..."

"నడుముకి ఆ టేపు చుట్ట ఏంటి?"

సరుకు ఎక్కించే ప్రతివాడి నడుముకీ టేపు చుట్ట ఉంటుంది. పక్కనే నిలబడ్డ నలుగురి నడుములకీ ఉంది. ఆ నలుగురూ మెల్లగా చొక్కాలు కిందికి లాక్కున్నారు.

"గేటన్నా!" అని పిలిచాడు బావగారు.

గేటన్న టేపక్కకి తోడబుట్టిన అన్న. గేటు దగ్గర కాపలా, వెళ్ళేవాళ్ళని తడిమి చూడటం, దొరికినవాడిని కొట్టడం, ఈ మూడూ అతని పనులు. పోలీసులని పిలిస్తే షెడ్డు పేరు పోతుందని దొంగతనం తగువులన్నీ కాటా దగ్గరే తేలుస్తారు. అతను పైపు తీసుకుని వచ్చాడు. సన్నాయిని మెడ పట్టి కాటా పళ్ళెం మీద నిలబెట్టాడు. గోడ మీద ఎర్ర అంకెలు వెలిగాయి.

మొదటి దెబ్బ మోచేతి మీద పడింది. అంకెలు ఎగిరి పడ్డాయి. రెండోది నోటి మీద. సన్నాయి వంగిపోయి ఏదో ఉమ్మాడు. అది పళ్ళెం మీద టంగుమంది. లేవబోతూ పళ్ళానికి ఆనించిన చేతి వేళ్ళ మీద మూడోది పడింది. ఆ తర్వాత టేపక్క దెబ్బలు చూడలేదు. అంకెల్ని చూసింది. అవి పెరిగి, తగ్గి, మళ్ళీ పెరుగుతున్నాయి. ఒక మనిషి ఒంటి బరువు ఇంతలా కొట్టుకులాడుతుందని ఆమె అనుకోలేదు.

చివరికి అంకెలు ఒకచోట నిలిచిపోయాయి. సన్నాయి పడిపోయాడు.

"ఇక చాలు," అన్నాడు పెద్దకొడుకు. రాడ్డు ఎప్పుడు వదిలేశాడో అతనికే తెలిసినట్టు లేదు. "చచ్చేలా ఉన్నాడు." వెనక్కి తిరిగి తమ్ముళ్ళని పిలిచాడు. గుమ్మం దగ్గర ఆగి, "మా అమ్మకి ఏమన్నా అయిందా, వాడిని వాడి ఇంట్లోంచే లాక్కుపోతాం. అడ్డొచ్చినవాడు కూడా ఉండడు," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక ముసలి డ్రైవరు తన సీటు మీది దిండు తెచ్చి సన్నాయి తల కింద పెట్టాడు. నెత్తురైతే మళ్ళీ పోదని తెలిసే పెట్టాడు.

*

టేపక్క బల్ల షెడ్డు చివర, రేకుల కింద ఉంది. దారిలో చిరిగిన పెట్టెలన్నీ ఆ బల్ల మీదకే వస్తాయి. ఆమె చేసేది అతుకు పని. ముందు పొడిగుడ్డతో చిరుగు చుట్టూ దుమ్ము తుడుస్తుంది. పాత పెట్టెల కుప్పలోంచి అదే రంగు, అదే గీత ఉన్న అట్టముక్క ఏరి, చిరుగు కన్నా వేలెడు ఎక్కువగా కత్తిరిస్తుంది. అంచులు గోటితో పలచన చేసి, సన్నగా జిగురు రాసి అంటిస్తుంది. పైన టేపు వేసి, చెంచా వెనక వైపుతో రుద్దుతుంది, టేపు అంచు అట్టలో కలిసిపోయేదాకా. తీసుకునేవాడు వేలు పెట్టి వెతికినా దొరకదు.

ఆ మధ్యాహ్నమే బావగారు ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. "లారీలో మేకు తగిలింది. కాస్త చూడు."

అడుగు మూలలో చిరుగు. ఆమె అతికింది. బావగారు బొటనవేలితో తడిమి చూసి తల ఊపాడు.

"నీ చెయ్యి పడితే పెట్టెకి దెబ్బ తగిలిందని దాన్ని కన్నవాళ్ళు కూడా పోల్చలేరు."

ఈ మాట అతను ఎప్పుడూ అంటాడు. ఎప్పుడు విన్నా ఆమెకి లోపల చిన్న సంతోషం కలిగేది. ఆ రోజు కూడా కలిగింది. కలిగినందుకు సిగ్గుపడి, అన్నం డబ్బా తెరవకుండానే పక్కన పెట్టేసింది.

సాయంత్రం ఇంట్లో గేటన్న కుడిచేయి వేడినీళ్ళ గిన్నెలో పెట్టుకుని కూర్చున్నాడు. మణికట్టు వాచింది.

"ఒప్పుకున్నాడా?" అని అడిగింది ఆమె.

"లేదు."

"నువ్వు అడిగావా?"

"నేనడిగేదేముంది? అడిగేవాళ్ళు అడిగారు. నాకు చెప్పారు, నేను కొట్టాను." గిన్నెలో చేయి తిప్పాడు. "తల మీద ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. చూశావా లేదా? ఆ కొడుకుల చేతికి వదిలేసి ఉంటే పుచ్చకాయ పగిలినట్టు పగిలేది వాడి తల. నేను కొట్టబట్టే బతికాడు."

ఆ మాటలో అబద్ధం లేదని ఆమెకి తెలుసు. చల్లారిన నీళ్ళలో ఇంకో చెంబు వేడినీళ్ళు పోసింది.

*

మర్నాడు సన్నాయి భార్య షెడ్డు వెనక దారిన వచ్చింది. వీధి మూల ఇస్త్రీ బండి ఆమెది. బొగ్గుల మసి మోచేతుల దాకా ఉంది. బల్లకి అవతల నిలబడి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎలా ఉన్నాడమ్మా?"

"ఉన్నాడు. వేళ్ళు మూడు విరిగాయి. ముందుపళ్ళు రెండు లేవు. మాట తెలియట్లేదు." ఆమె గొంతులో ఏడుపు లేదు. "నేను దెబ్బలాటకి రాలేదక్కా. ఒకటి అడిగి పోదామని వచ్చాను. ఆ పెట్టె లారీ ఎక్కే ముందు రోజు మీ బల్ల మీద ఉందట. మీరు అతుకుతుంటే ఆయన చూశాడట. సైగలు చేసి చెప్పాడు. నిజమేనా?"

టేపక్క చేతిలో చెంచా ఆగిపోయింది.

"నా బల్ల మీదకి రోజుకి ఎన్నో వస్తాయమ్మా."

"వస్తాయి లెండి." ఆమె బల్ల మీద దులపాల్సిన దుమ్మేమీ లేకపోయినా చేత్తో దులిపింది. "అంత కొట్టినా మీ పేరు మాత్రం ఆయన నోటి వెంట రాలేదు. వస్తే ఆ పైపు మీ మీదకి తిరిగేది. అది మీకు తెలియాలి కదా అని వచ్చాను. అంతే."

ఆమె వెళ్ళిపోయింది. తర్వాత టేపక్క పనేదో ఉన్నట్టు కాటా దగ్గరికి నడిచింది. ఆ కొడుకులు వదిలేసి వెళ్ళిన పెట్టె చెత్తలో పడి ఉంది. బయట నుంచి ఆమెకే అతుకు ఎక్కడుందో వెంటనే దొరకలేదు. పెట్టెలోకి తల పెట్టి చూసింది.

ఇన్నేళ్ళుగా తను అతికిన పెట్టెని లోపలి నుంచి ఆమె ఎప్పుడూ చూడలేదు. మూసి పంపడమే ఆమె పని. లోపల అడుగు మూలలో చిరుగు స్పష్టంగా కనపడింది. మేకు చీల్చితే అట్ట పీచులు పీచులుగా లేస్తుంది, ఒంకర పోతుంది. ఇది మూడు వైపులా కోసిన చిన్న తలుపు. చేయి పట్టేంత తలుపు. తెరిచి, సీసాలు తీసి, అదే బరువుకి నీళ్ళ సీసాలు పెట్టి, మళ్ళీ మూశారు. దాని మీద ఆమె అతుకు చక్కగా, నున్నగా, తాళం వేసినట్టు అమరింది.

ఆమె చెత్త పక్కనే కూర్చుండిపోయింది.

ఓనరుతో చెప్పాలని లేచి అద్దాల గది దాకా వెళ్ళింది. లోపల ఓనరూ బావగారూ ఒకే ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నారు. ఆమె గుమ్మంలో ఉండగానే ఫోను మోగింది. విని పెట్టేసి ఓనరు నుదురు రుద్దుకున్నాడు. "ముసలామెకి అలాగే ఉందట. మందు వేరే చోట నుంచి తెప్పిస్తున్నారట, అదీ మన లారీలోనే. ఆ కొడుకులు మాత్రం సన్నాయి ఇల్లు ఎక్కడని ఆరా తీస్తున్నారట."

"తియ్యనీ," అన్నాడు బావగారు టీ ఊదుకుంటూ. "వాడి దారిన వాడు పోతే ఈ గోల వదులుతుంది మనకి." అప్పుడు ఆమెని చూశాడు. "ఏంటమ్మా?"

"టేపు అయిపోవచ్చింది," అంది ఆమె.

*

ఆసుపత్రి పార్సిలు వచ్చిన రోజు బావగారు పొద్దెక్కకముందే బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె అతని మొహం చూడలేదు. పెట్టె మూల చూసింది. అదే చిన్న తలుపు.

"దరిద్రపు మేకు," అన్నాడు. "ఆ లారీని తుక్కుకి అమ్మేస్తే పీడా పోతుంది."

"అవును బావగారూ."

ఆమె గుడ్డ అందుకుంది. పొడిగుడ్డ కాదు. బల్ల కింద చేతులు కడుక్కునే బకెట్టులో ముంచి, గట్టిగా పిండింది. అతుకు పనికి తడి శత్రువు. పనిలో చేరిన మొదటి రోజు ఎవరైనా చేసే తప్పు అది. తడి అట్ట మీద వేసిన టేపు చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగా పడుకుని ఉంటుంది. వేడి తగిలితే అంచులు లేస్తాయి. తర్వాత అట్టతో సహా ఊడి వస్తుంది.

తడిగుడ్డతో చిరుగు చుట్టూ తుడిచింది. అట్ట కొంచెం నల్లబడింది. అదే రంగు ముక్క వెతికి అంటించింది. టేపు వేసింది. చెంచాతో రుద్దింది, ఎప్పటికన్నా ఎక్కువసేపు. పని చెడగొట్టడానికి కూడా అంత ఓపిక కావాలని ఆమెకి తెలియదు.

బావగారు బొటనవేలితో తడిమాడు.

"భలే," అన్నాడు.

సన్నాయి లేడు కాబట్టి ఆ లారీ ఎక్కించడానికి మనిషి కావాలి. గేటన్నని పిలిచారు. అతను వాచిన మణికట్టుకి గుడ్డ చుట్టుకుని, ఆ పెట్టెని భుజాన వేసుకుని నడుస్తుంటే టేపక్కకి అప్పుడు గుర్తొచ్చింది. పెట్టె తెరుచుకుంటే ముందు అడిగేది లారీ ఎక్కించినవాడినే. ఆమె నోరు తెరిచింది. అన్న వెనక్కి తిరిగి, "ఏంటే?" అన్నాడు.

ఆపితే సన్నాయి చస్తాడు. ఆపకపోతే...

"పైన పెట్టన్నయ్యా. లారీ కప్పు రేకుకి దగ్గరగా," అంది. "కింద పెడితే నలుగుతుంది."

*

మర్నాడు లారీ హారను ఆపకుండా మోగుతూ వచ్చింది. డ్రైవరు పక్కన పెద్దకొడుకు ఉన్నాడు. వెనక తమ్ముళ్ళు. మందు కోసం ఆసుపత్రి స్టోరు దగ్గర కాచుకుని ఉన్నవాళ్ళ కళ్ళ ముందే పెట్టె దిగింది. మూల నోరు తెరుచుకుని ఉంది. స్టోరు ఆయన సంతకం పెట్టనన్నాడు. అందరి ముందూ విప్పితే సగం సీసాల మూతలు మార్చినవి.

ఈసారి పెద్దకొడుకు అరవలేదు. పెట్టె తెచ్చి కాటా పళ్ళెం మీద పెట్టాడు. టేపు కొస వేలాడుతోంది. దాని చివర ఆమె కత్తిరించిన అట్టముక్క ఊగుతోంది.

"మొన్న దొంగని కొట్టారుగా," అన్నాడు. "వాడు మంచంలో ఉన్నాడు. మరి ఇది ఎవడు చేశాడు?"

గోడ దగ్గరివాళ్ళ వైపు తిరిగాడు.

"ఎవడు ఎక్కించాడు?"

గేటన్న ముందుకొచ్చాడు. "నేనే."

తమ్ముళ్ళిద్దరూ కదలబోయారు. బావగారు గబగబా మధ్యలోకి వచ్చాడు. గేటన్న మీద చెయ్యి పడితే షెడ్డుని కాచేవాడు ఉండడు. "ఆగండి బాబూ, వీడికి ఆ పని తెలియదు. అతుకు చూడండి, ఊడిపోయి ఎలా ఉందో. అది వేసింది ఇదిగో, ఈవిడ. బల్ల దగ్గర ఒంటరిగా ఉండేది ఈవిడే. పెట్టెలు ముట్టుకునేది ఈవిడే. అన్నాచెల్లెళ్ళని ఇన్నాళ్ళూ నమ్మాం చూడండి!"

పెద్దకొడుకు పైపు తీసి గేటన్న చేతిలో పెట్టాడు. "పద్ధతి ఉందన్నారుగా. కానివ్వు. లేకపోతే మేం కానిస్తాం. మాకు తల మీద కొట్టడం తప్ప రాదు."

టేపక్కని ఎవరూ లాగలేదు. ఆమే నడిచి వెళ్ళి, పెట్టెని పక్కకి జరిపి, పళ్ళెం ఎక్కింది. గోడ మీద ఎర్ర అంకెలు వెలిగి, కాసేపు అటూ ఇటూ ఆడి, నిలిచాయి. చెప్పులకి సన్నాయి నెత్తురు ఎండిన మరక గరగరా తగిలింది.

గేటన్న పైపు ఎత్తాడు. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. మొహం నిండా చెమట.

"కొట్టన్నయ్యా," అంది ఆమె. "అతుకు నాదే. మొన్నటిదీ నాదే. కానీ ముందు నన్ను ఒక్క మాట అడుగు. ఎవరినీ అడగవు నువ్వు. నన్ను అడుగు."

"ఏం అడగాలి?"

"కోసిన పెట్టెని నా బల్ల మీదకి ఎవరు తెచ్చారని."

గేటన్నకి ఆ మాట నోట్లో పట్టనంత పెద్దదిలా ఉంది. పెదాలు తడుపుకున్నాడు.

"ఎవరు... తెచ్చారే?"

ఆమె బావగారిని చూసింది. చూసి, కళ్ళు తిప్పుకోలేదు.

"దొంగముండ!" బావగారు ఎగిరొచ్చి ఆమె చెంప మీద కొట్టాడు. అంకెలు ఎగిరాయి. "చెయ్యాల్సింది చేసి నా మీద పెడతావా?"

"నేను చూశాను," అన్నాడు ముసలి డ్రైవరు. నేల చూస్తూనే అన్నాడు. "రెండుసార్లూ మేకు తగిలిందంటూ బావగారే తెచ్చి పెట్టారు. నా లారీలో మేకు లేదు బాబూ. కావాలంటే ఎక్కి చూసుకోండి."

గోడ దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒకడు, "నేనూ చూశాను," అన్నాడు. ఇంకొకడు గొంతు సవరించుకున్నాడు.

పెద్దకొడుకు బావగారి చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. జేబు చిరిగి పెన్నూ, దువ్వెనా, సన్నటి కట్టరూ కింద పడ్డాయి. ఆ కట్టరుని అందరూ చూశారు. ఆ తర్వాత ఏ దెబ్బ ఎవరిదో తెలియలేదు. బావగారు కాటా మీదకే పడ్డాడు. టేపక్క పక్కకి దూకింది. తమ్ముడి చేతిలోంచి పెద్దకొడుకు లాక్కున్న రాడ్డు అతని డొక్కలో దిగింది, మోకాలి మీద దిగింది. పళ్ళెం దబదబమంటోంది. ఓనరు బావా, బావా అని అద్దాల గది గుమ్మం దగ్గరే అరుస్తున్నాడు, దగ్గరికి రావట్లేదు. గోడ దగ్గరివాళ్ళు కూడా వచ్చి కాళ్ళతో తన్నడం మొదలుపెట్టారు. వాళ్ళలో చొక్కా కిందికి లాక్కున్న నలుగురూ ఉన్నారు. ఆ మొహాల్లో ఇన్నేళ్ళ కసి ఉంది, కొంచెం సంబరం కూడా ఉంది.

టేపక్క మళ్ళీ అంకెల వైపు చూసింది. మొన్న చూసినట్టే ఉన్నాయి. ఎవరు పడి ఉన్నదీ ఆ అంకెలకి తెలియదు.

"అన్నయ్యా," అంది, "తల మీద కొడతారు. చచ్చిపోతాడు."

గేటన్న పైపు పారేశాడు. జనాన్ని భుజంతో తోసుకుంటూ వెళ్ళి, కాటా ఎక్కి, బావగారి మీద వంగి నిలబడ్డాడు. తల కోసం దిగిన రాడ్డు అతని వీపు మీద పడింది. ఇంకోటి పడింది. అతను కదల్లేదు. మూడోసారి పెద్దకొడుకు చెయ్యి గాల్లోనే ఆగింది.

"నీకేంట్రా వీడు?" అన్నాడు రొప్పుతూ.

"ఏమీ కాడు," అన్నాడు గేటన్న. "ఫోను చెయ్యండి ఎవరన్నా. పోలీసులకి చెయ్యండి."

ఓనరు వద్దు వద్దంటుండగానే డ్రైవరు ఫోను తీశాడు.

*

సన్నాయి ఇల్లు ఒకే గది. సాయంత్రం ఎండ కిటికీలోంచి మంచం దాకా వచ్చింది. మడత పెట్టిన ఊరివాళ్ళ బట్టలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. టేపక్క లోపలికి వెళ్ళింది. గేటన్న గుమ్మం బయటే ఆగిపోయాడు. వంగలేక నిటారుగా, దండన పడ్డ పిల్లాడిలా నిలబడ్డాడు.

ఆమె అంతా చెప్పింది. ముసలామెకి ఆసుపత్రివాళ్ళు పక్క ఊరి నుంచి మందు తెప్పించి వేశారని, కళ్ళు తెరిచి పెద్దకొడుకుని పేరు పెట్టి తిట్టిందని, ఇక ఈ ఇంటి వైపు వాళ్ళు రారని కూడా చెప్పింది. సన్నాయి కట్లు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని విన్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా ముక్కు ఈల వేస్తోంది, ఇదివరకటి కన్నా బొంగురుగా.

"అంత కొడుతున్నా నా పేరు చెప్పలేదు నువ్వు," అంది ఆమె. కళ్ళు తుడుచుకుంది. "ఆ మాటే నన్ను కూర్చోనివ్వలేదు నాయనా. లేకపోతే నాకు అంత ధైర్యం ఎక్కడిది?"

సన్నాయి భార్య వైపు చూశాడు, మళ్ళీ ఈమె వైపు చూశాడు. వాచిన పెదాలు కష్టం మీద విడివడ్డాయి.

"చెప్పబోయానక్కా," అన్నాడు.

"ఏంటి?"

"మొదటి దెబ్బకే. టేపక్కని అడగండి అందామని నోరు తెరిచాను." ఖాళీ చిగురు మీద నాలుక ఆడించాడు. "రెండోది అక్కడే పడింది."

ఇస్త్రీ పెట్టె పట్టుకున్న అతని భార్య అలాగే ఉండిపోయింది. కింద చొక్కా కాలిన వాసన వచ్చేదాకా చూసుకోలేదు. ముందు నవ్వింది సన్నాయే. నవ్వితే నొప్పి పుట్టి మూలిగాడు. టేపక్కకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుమ్మం బయట గేటన్న అంతా విన్నాడు. తల వంచుకుని, తన కుడిచేతిని, అది వేరే ఎవరిదో అయినట్టు చూసుకుంటున్నాడు.

ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టి సన్నాయి భార్య లేచింది. మూలనున్న స్టూలు తీసింది. దాని మీది బట్టలు దింపి, తుడిచి, పట్టుకెళ్ళి గుమ్మానికి అవతల, అతని పక్కన వేసింది. లోపలికి రమ్మనలేదు.

గేటన్న కాసేపు ఆ స్టూలుని చూశాడు. తర్వాత మెల్లగా, వీపు పట్టుకుని, దాని మీద కూర్చున్నాడు.